పాళెము వెలుపల ఏడు దినములు

పాఠ్యభాగములు: లేవీయకాండము 13:1–8, సంఖ్యాకాండము 12:10–16, యోహాను 9:1–3

ఈ పాఠము ఆరంభించుటకు ముందు లేవీయకాండము పదుమూడవ అధ్యాయమును ఒకసారి తెరచి చూడుడి. దానిని మనము సాధారణముగా దాటిపోవుదుము. మచ్చలు, పొక్కులు, తెల్లబారిన వెండ్రుకలు, ఇవి ఆదివారపు ప్రసంగమునకు పనికిరావని తలంచుదుము. అయితే 2020వ సంవత్సరము తరువాత ఆ అధ్యాయము పెద్దలకంటె బడిపిల్లలకే బాగుగా అర్థమగును.

ఆ యేడు మార్చి నెల నుండి మూతబడియున్న బడులను నవంబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తెరచిరి. ఒంటిపూట బడి, మూతికి మాస్కు, ఎడమెడముగా కూర్చుండుట, ఈ జాగ్రత్తలన్నియు ఉండెను. అయినను మూడు నాలుగు దినములలోనే 262 మంది విద్యార్థులకును, సుమారు 160 మంది ఉపాధ్యాయులకును కరోనా ఉన్నట్లు పరీక్షలలో తేలినదని విద్యాశాఖవారు తెలియజేసిరి. బడికి వచ్చిన పిల్లలు సుమారు నాలుగు లక్షలు గనుక ఇది పెద్ద లెక్క కాదనియు వారు చెప్పిరి. లెక్క సరియే. గాని రోగము తేలిన ప్రతి బిడ్డకు తరగతిలో ఒక చోటున్నది. ఆ చోటి ప్రక్కన కూర్చున్న మరియొక బిడ్డ యున్నది. ఆ ప్రక్కబిడ్డకు జ్వరము లేదు, దగ్గు లేదు. అయినను ఇంటిలో వేరుగా నుండవలసి వచ్చెను. మన పాఠము ఆ ప్రక్కబిడ్డను గూర్చినది.

రోగిని వేరుచేయుట ఒకటి. రోగము వచ్చునేమో యని కనిపెట్టుట మరియొకటి. ఊరివారు ఈ రెంటిని కలిపివేయుదురు. లేవీయకాండము కలిపివేయలేదు. యాజకుడు మచ్చను చూచి యిది కుష్ఠమని నిశ్చయముగా తెలియనియెడల ఆ మనిషిని అపవిత్రుడని చెప్పకూడదు. ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి, ఏడవ దినమున మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల ఇంకను ఏడు దినములు. తరువాత మచ్చ అణగినయెడల, అతడు బట్టలుదుకుకొని పవిత్రుడుగా తిరిగివచ్చును.

రెండేడులు పదునాలుగు. 2020లో కేంద్ర ఆరోగ్యశాఖవారు రోగితో కలిసియున్నవారికి నిర్ణయించిన దినములును పదునాలుగే. ఈ లెక్కలు కలిసినందుకు కొందరు మిక్కిలి సంతోషించిరి; నేనైతే దానిమీద ఏ సిద్ధాంతమును కట్టను. కరోనా క్రిమి శరీరములో ప్రవేశించిన తరువాత గుర్తులు తరచుగా అయిదారు దినములలో కనబడును, కొందరిలో పదునాలుగు దినముల వరకు ఆలస్యమగును. ఆ నియమమునకు కారణమదే. 1377లో ఆద్రియా సముద్రతీరమందలి రగూసా పట్టణమువారు తెగులున్న చోట్లనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపల నిలిపిరి. ఆ దినములు తరువాత నలువదియైనవి. క్వారంటైన్ అను మాట ఇటలీ భాషలోని ఆ నలువది నుండియే పుట్టినది. సంఖ్య మారుచు వచ్చినది. గాని ఎక్కడను సంఖ్య లేకుండ లేదు.

దీనిని గట్టిగా పట్టుకొనుడి. దేవుని ధర్మశాస్త్రమును, వైద్యుని నియమమును దినములు లెక్కపెట్టి చెప్పును. ఊరి భయము లెక్క చెప్పదు. పదునాలుగు దినములైన తరువాతను ఆ బిడ్డను ఆటకు పిలువరు, ఆ యింటి తల్లిని టమోటా తోటలో కూలికి పిలువరు, కుళాయియొద్ద ఆమె బిందె పెట్టినచోట తమ బిందె పెట్టరు. ఇట్టి ఇల్లు రెండవసారి ఏమిచేయును? బిడ్డకు నలతగా నున్నను చెప్పదు. దాచిపెట్టి బడికి పంపును. దాచినందుకు ఆ తల్లిని నిందించుట సులభము. దాచునట్లు చేసినది ఎవరో ముందుగా అడుగవలెను.

మన పల్లెలలో పూర్వము ఆటలమ్మ పోసినపుడు గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఆ పూజతో మనకు నిమిత్తము లేదు. గాని ఆ ఆకుల గురుతు చూచి బయటివారు లోపలికి వెళ్లెడివారు కారు. దినములు లెక్కించి బిడ్డకు నీళ్లు పోయుదురు. ఆ స్నానముతో బిడ్డ మరల ఊరిబిడ్డ యగును. ఆరంభమునకు ఒక గురుతు, ముగింపునకు ఒక గురుతు. కరోనా కాలములో ఆరంభమునకు గురుతులు అనేకములుండెను. తలుపుమీద కాగితము అంటించిరి, వీధికి కర్రలు అడ్డము కట్టిరి. ముగింపునకు గురుతేది? యాజకుడు పవిత్రుడని నోట చెప్పవలెనను ఆజ్ఞ ఎందుకున్నదో ఇక్కడ తెలియును. ఆ మాట స్వస్థపడినవానికంటె పొరుగువారికే ఎక్కువ అవసరము. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, పోయి యాజకునికి కనబడుమని పంపినదియు (మార్కు 1:44) ఇందుకొరకే యని చెప్పవచ్చును. చర్మము బాగైనను ఊరు చేర్చుకొననిచో అతడు ఇంకను వెలుపలివాడే.

నిమ్మనపల్లె, మదనపల్లె ప్రాంతమువారికి ఇది క్రొత్త సంగతి కాదు. క్షయరోగులకొరకు మిషనులవారు కలిసి 1912లో మదనపల్లెలో ఒక ఆస్పత్రిని ఆరంభించి, 1915లో దానిని ఊరి వెలుపలకు మార్చిరి. అదే ఆరోగ్యవరము. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి చాలకాలము పెద్దగా నుండెను. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, ఇవే చికిత్స. రోగి ఇల్లు విడిచి నెలల తరబడి అక్కడ నుండవలసినదే. మన దేశములో బి.సి.జి. టీకా 1948లో మొదట వేసినదియు మదనపల్లెలోనే.

మందులు వచ్చిన తరువాత, 1956 నుండి మద్రాసులో వైద్యులు ఒక పరీక్ష చేసిరి. కొందరు క్షయరోగులకు ఆస్పత్రిలోను, కొందరికి వారి యిరుకు ఇండ్లలోనే మందులిచ్చి చూచిరి. ఇంటియొద్ద నున్నవారును దాదాపు అంతే బాగుపడిరి. వారి యింటివారికి అందువలన అపాయము హెచ్చలేదు. రోగులను దూరముగా పెట్టు పద్ధతి అటుతరువాత ప్రపంచమంతట సడలిపోయినది. ఎందుకు వేరుచేయుచున్నామో తెలిసినవారికి ఎప్పుడు చాలింపవలెనో కూడ తెలియును. కరోనా విషయములోను అట్లే జరిగినది. 2022 జనవరిలో స్వల్పరోగులు ఇంటిలో నుండవలసిన దినములను ఏడింటికి తగ్గించిరి.

ఇక మిర్యాము సంగతి. ఆమెకు వచ్చినది శిక్షయే. దానిని తెచ్చి బడిపిల్లలకు అంటగట్టకూడదు. ఆ కథలో మనకు కావలసినది మిర్యాము కాదు, జనము. ఆమె ఏడు దినములు పాళెము వెలుపల నుండెను. ఆమె తిరిగి చేరువరకు జనము ప్రయాణము సాగలేదు. లక్షలమంది, పసిపిల్లలు, పశువులు, ఎడారి యెండ, అయినను ఒక్క మనిషికొరకు డేరాలు ఎత్తలేదు. మన బడులలో అట్లు జరిగినదా? బడులు మూసిన కాలములో దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠములు వచ్చెను. ఫోనులో పాఠములు వచ్చెను. ఇంటిలో మంచి ఫోను గలవాడు నడిచెను. లేనివాడు వెలుపల నిలిచెను. 2021 ఏప్రిల్ 20న ఒకటి నుండి తొమ్మిది తరగతుల బడులు మరల మూయబడి ఆగస్టు 16న తెరువబడినప్పుడు, కూడికలు మరచిన పిల్లలు, అక్షరములు మరచిన పిల్లలు ఎందరో తరగతిలో మౌనముగా కూర్చుండిరి. వారికొరకు ఆగిన పంతుళ్లును ఉన్నారు.

ఒక్క గది యింటిలో బిడ్డను వేరుగా ఉంచుట యెట్లు అని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్న. వేరుగది లేనిచోట కిటికీయొద్ద గాని, పంచలో గాని బిడ్డకు మంచము వేయవచ్చును; తలుపులు తెరచియుంచవలెను; పళ్లెము, లోటా, తువాలు వేరుగా ఉంచి, దగ్గరకు పోవు ఒక్కరు మాస్కు కట్టుకొనవలెను. కష్టమైనది బిడ్డ కాదు, అవ్వ. కరోనా పిల్లలను తరచుగా తేలికగా విడిచినది. వయస్సు మళ్లినవారిని, చక్కెర జబ్బు, గుండెజబ్బు గలవారిని కఠినముగా పట్టినది. అవ్వ ప్రక్కన పండుకొనుట మరగిన బిడ్డను ఆమెనుండి ఎడబాపుటయే ఇందులోని అసలు కష్టము. అప్పుడు బిడ్డతో చెప్పవలసినది, నిన్ను చూచి భయపడుచున్నామని కాదు. అవ్వను కాపాడు పనిలో నీకొక భాగమున్నదని. తొమ్మిదేండ్ల బిడ్డ ఆ మాటను గ్రహింపగలడు, దానికి తగినట్లు నడువగలడు.

అయితే కొన్ని యిండ్లలో అవ్వ దక్కలేదు. 2021లో రెండవ విడత వచ్చినపుడు తాతను, అవ్వను పోగొట్టుకొన్న యిండ్లు మన సంఘములలోనే యున్నవి. బడినుండి నేనే తెచ్చితిని అను తలంపును నోట చెప్పక మోయు పిల్లలుందురు. ఇట్టివారికి ఊరక ఓదార్పు చాలదు, నిజము చెప్పవలెను. ఈ క్రిమి సోకినవానికి జ్వరము రాకముందే, ఒకటి రెండు దినములు ముందుగానే ఇతరులకు అంటగలదు. కొందరికి గుర్తులే కనబడవు. నాయన సంతనుండి తెచ్చెనో, మామ బస్సులో తెచ్చెనో, చూడవచ్చిన చుట్టము తెచ్చెనో, ఆ యింటిలో ఎవరును నిశ్చయముగా చెప్పలేరు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడుగగా, ప్రభువు ఆ ప్రశ్ననే అంగీకరింపలేదు. మన యిండ్లలోను ఆ ప్రశ్నను త్రోసివేయవలెను. చనిపోయినవారి సమాధియొద్దనైనను, చుట్టములు కూడినప్పుడైనను, ఎవరివలన అను మాట బిడ్డ చెవిని పడనీయకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిరి. 2020లో తొమ్మిదవ తరగతిలో నున్నవారు నేడు యౌవనస్థుల కూటములో కూర్చుండుచున్నారు. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, కండ్లకలక ఇంకను వచ్చుచునే యున్నవి; బిడ్డలను ఇంటియొద్ద ఉంచవలసిన దినములు ముందును వచ్చును.

కూటములో మాటలాడుకొనుటకు: యాజకుడు పాళెము వెలుపలికి తానే వెళ్లి చూడవలెను (లేవీయకాండము 14:3), మన సంఘములో గడపవరకు వెళ్లి పలుకరించువారెవరు? ఆదివారపు బడికి రాలేకపోయిన బిడ్డకు ఆ వారపు పాఠమును ఎవరు చేర్చుదురు? దినములు నిండిన తరువాత ఆ బిడ్డను మొదట ఆటకు పిలుచుటకు మన పిల్లలలో ఎవరిని పంపుదుము? చివరి ప్రశ్న, ఆ సంవత్సరములలో నీ వలననే ఎవరికో కీడు కలిగెనని తలంచుచున్నావా అనునది, యౌవనస్థులను అందరి యెదుట అడుగవద్దు. కూటము ముగిసిన తరువాత, ఇంటికి నడచిపోవునప్పుడు, ఒక్కొక్కరినే అడుగుడి.