సభకు ఊరు ఎంచుకోవడం: ఒక కామర్స్ పాఠం



2020 ఏప్రిల్‌లో జరగవలసిన మన స్కాలర్‌షిప్ సభకు ఒక కళ్యాణ మంటపం నేనే మాట్లాడి, 20,000 రూపాయలు అడ్వాన్సు కట్టాను. లాక్‌డౌన్ వచ్చి సభ ఆగిపోయింది. రసీదు వెనుక "అడ్వాన్సు ఏ కారణం చేతనూ వాపసు ఇవ్వబడదు" అని చిన్న అక్షరాలలో ఉంది. బ్యాంకులో 34 ఏళ్లు కాగితాలు చూసినవాణ్ణి, ఆ రసీదు మాత్రం తిప్పి చూడలేదు. ఆ ఏడు ఇద్దరు పిల్లలకు స్కాలర్‌షిప్ ఆలస్యమైంది. అప్పటినుండి సభాస్థలం ఎంపిక గురించి శ్రద్ధగా చదువుతున్నాను.

ఇందుకు మంచి ఉదాహరణ మధ్యధరా తీరంలో ఉంది. మొబైల్ ఫోన్ కంపెనీల ప్రపంచ సదస్సు 2005 వరకు ఫ్రాన్సులోని కాన్ నగరంలో జరిగేది. కాన్ సినిమా ఉత్సవానికి పేరుపొందిన అందమైన ఊరు, కాని చిన్నది. సదస్సు పెరిగి ఊరికి మించిపోవడంతో 2006లో స్పెయిన్‌లోని బార్సిలోనాకు మారింది. 2019లో లక్షమందికి పైగా వచ్చారు.

బార్సిలోనాలో ఏమున్నాయి? పెద్ద ప్రదర్శనశాలలు, దగ్గరలోనే విమానాశ్రయం, అన్ని ధరల హోటళ్లు. 2016లో విమానాశ్రయం నుండి ప్రదర్శనశాల వైపు మెట్రో కూడా వచ్చింది. సదస్సు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. అక్కడ వేసవి పర్యాటకుల రద్దీ అప్పటికి మొదలవదు, చలి కూడా తీవ్రంగా ఉండదు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చేద్దాం. చిన్న ఊరిలో హాలు అద్దె 20,000 యూరోలు. బస, ప్రయాణం మనిషికి 510. పెద్ద ఊరిలో హాలు 36,000, మనిషికి 340. హాలు అద్దె స్థిర వ్యయం, మిగతాది చర వ్యయం.

200 మంది వస్తే చిన్న ఊరిలో మొత్తం 1,22,000, అంటే తలకు 610. పెద్ద ఊరిలో 1,04,000, తలకు 520. 40 మందే వస్తే చిన్న ఊరిలో తలకు 1,010, పెద్ద ఊరిలో 1,240. హాలు అద్దెల తేడా 16,000ను తలకు అయ్యే ఖర్చుల తేడా 170తో భాగించండి. 94 మంది వరకు చిన్న ఊరు, 95 నుండి పెద్ద ఊరు చౌక. కనుక ఊరికన్నా ముందు ఎంతమంది వస్తారో తేల్చుకోవాలి.

చివరిది, ముఖ్యమైనది: రద్దు షరతు. 2020 ఫిబ్రవరి 24న మొదలు కావలసిన అదే సదస్సును కోవిడ్ కారణంగా ఫిబ్రవరి 12న రద్దు చేశారు. అంత పెద్ద సభకే తప్పలేదు. అందువల్ల ఒప్పందంలో మూడు ప్రశ్నలకు జవాబు వెదకండి: రద్దయితే ఎంత వాపసు? తేదీ మార్చుకోవచ్చా? ఎవరి చేతిలోనూ లేని ఆపద వస్తే నష్టం ఎవరిది?

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పెళ్లికి మంటపం మాట్లాడేటప్పుడు డిగ్రీ చదివే పిల్లను, పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్లండి. రసీదు వాళ్లచేత చదివించండి, వెనుకవైపు కూడా.

అభ్యాసం: పై లెక్కలో పెద్ద ఊరి హాలు అద్దె 30,000 అయితే, ఎంతమంది నుండి పెద్ద ఊరు చౌక అవుతుంది?