కోపెన్‌హేగన్ నగరపు పొగలెక్క

గోపురము కట్టింపగోరువాడు ముందుగా కూర్చుండి, దానిని ముగించుటకు చాలినంత ధనము తనయొద్ద కలదో లేదో చూచుకొనవలెనని మన ప్రభువు జనసమూహములకు బోధించెను. ఈ ఉపమానము ఇండ్లు కట్టువారికే గాక నగరములను పాలించువారికిని చెల్లును. భూమి వేడెక్కుటను అరికట్టుటకై నగరములు చేయు ప్రయత్నములలో లెక్క చూచుకొనుటయే మొదటి మెట్టు. దీనిని ఒక నగరపు దృష్టాంతముచే గ్రహింతము.

సూర్యకిరణములచే భూమి వేడెక్కును. ఆ వేడిమి తిరిగి ఆకాశమునకు పోవునప్పుడు గాలిలోని కొన్ని వాయువులు దానిలో కొంత భాగమును పట్టి నిలుపును. ఇవియే హరితగృహ వాయువులు. వీనిలో ముఖ్యమైనవి కార్బన్ డయాక్సైడ్ అనబడు బొగ్గుపులుసు వాయువు, మీథేన్ అను వాయువు. బొగ్గు, పెట్రోలు, డీజిలు మొదలగువానిని కాల్చుటచే మొదటిది పుట్టుచున్నది; చెత్తకుప్పలు క్రుళ్లుటచే రెండవది పుట్టుచున్నది. ఇట్టి వాయువులు బొత్తిగా లేకున్నచో భూమి మంచుగడ్డవలె నుండెడిది. కావున అవి యుండుట తప్పు గాదు, మితిమీరుటయే ఆపద.

నగరము తన పొగను ఎట్లు కొలుచును? ప్రతి పొగగొట్టమునొద్దను ఒక మనుష్యుని నిలుపనక్కరలేదు. సంవత్సరములో ఎంత ఇంధనము కాలెనో, ఎంత విద్యుచ్ఛక్తి ఖర్చయ్యెనో, ఎంత చెత్త పోగయ్యెనో తెలిసినచో తక్కినది గణితమే చెప్పును. ఒక లీటరు డీజిలు కాలినచో సుమారు 2.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు డీజిలు ఒక కిలోగ్రామైనను తూగదే, ఇంత బరువెట్లు వచ్చెనని మీరడుగవచ్చును. డీజిలులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచే ఆ బరువు కలిగినది. దినమునకు 40 లీటర్లు కాల్చు బస్సు 108 కిలోగ్రాములు విడుచునన్నమాట. 2014 లో వెలువడిన అంతర్జాతీయ పద్ధతి ననుసరించి నగరములు ఈ లెక్కను మూడు పద్దులుగా వ్రాయును. నగరపు ఎల్లలలో వెలువడినది మొదటిది. బయటినుండి తీగెలద్వారా వచ్చిన విద్యుత్తు మొదలగువానిది రెండవది. నగరము నిమిత్తమై బయట కలిగిన తక్కినదంతయు మూడవది.

డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ 2012 లో ఒక ప్రణాళిక నంగీకరించెను. 2025 నాటికి కర్బన తటస్థ నగరము కావలెననునది దాని గురి. అనగా తాను విడుచు పొగకు సరితూగునంత పొగను వేరొక విధమున తగ్గింపవలెను. శక్తి వాడుకను తగ్గించుట, శక్తిని పుట్టించు విధమును మార్చుట, రాకపోకలను చక్కబరచుట, పురపాలకసంఘము తన సొంత పనులను దిద్దుకొనుట అని ఆ ప్రణాళిక నాలుగు భాగములు.

అది శీతదేశము, ఇండ్లను వెచ్చజేయుటకు మిక్కిలి శక్తి కావలెను. ఇంటింట నిప్పు రాజేయుటకు మారుగా, విద్యుత్కేంద్రములలో వృథాపోవు వేడిమిని వేడినీటి రూపమున భూమిలోని గొట్టములగుండ దాదాపు ఇండ్లన్నిటికిని పంపుచున్నారు. ఆ కేంద్రములలో బొగ్గును మాని కొయ్యముక్కలను కాల్చసాగిరి. 2000 సంవత్సరముననే రేవునకు దగ్గరగా సముద్రములో 20 గాలిమరలను నిలిపియుండిరి. వానిలో సగము వేలకొలది పౌరులు వాటాదారులైన సహకారసంఘమువారివి. వీధుల వెంబడి సైకిళ్లకు ప్రత్యేకమైన బాటలును కలవు.

అయినను గోపురము అనుకొన్న నాటికి ముగియలేదు. అమాగెర్ అనుచోట చెత్తను కాల్చు పెద్ద కర్మాగారమున్నది. దాని పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి భూగర్భమున దాచవలెనని తలచిరి గాని, అందులకు కావలసిన ప్రభుత్వ ధనసహాయము లభింపలేదు. 2025 నాటికి గురి చేరజాలమని 2022 లోనే నగరపాలకులు బహిరంగముగా ఒప్పుకొనిరి.

మరికొన్ని ఆక్షేపణలును కలవు. కొయ్య కాలినను పొగ వచ్చును. చెట్లు తిరిగి పెరిగి దానిని పీల్చుకొనునను నమ్మికతో దానిని లెక్కనుండి తీసివేసిరి. పౌరులు కొను పరదేశపు వస్తువులను చేయుటలో కలిగిన పొగయు ఆ గురిలో చేరలేదు. కాని పుస్తకములో వ్రాయని పద్దు గాలిలో నుండక మానదు.

అట్లయిన వారిని చూచి నవ్వుదమా? తగదు. జనసంఖ్య పెరుగుచుండగనే 2005 నాటి పొగలో సగమునకు పైగా తగ్గించిరి. లెక్క వ్రాసికొనిరి గనుకనే ఎంత కొదువయో వారికి తెలిసెను. తెలిసినదానిని దాచలేదు గనుక ఇతర నగరములు వారి జయమునుండియు, లోపమునుండియు నేర్చుకొనవచ్చును. లెక్కలేని గొప్ప వాగ్దానముకంటె లోటు చూపు నిజమైన లెక్క మేలు.

విద్యార్థులారా, మీ ఇంటను ఈ పాఠమును పరీక్షింపుడు. 14.2 కిలోగ్రాముల వంటగ్యాసుబండ ఒకటి అయిపోవునప్పటికి సుమారు 42 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడియుండును. బండ ఎన్ని దినములు వచ్చెనో, బండిలో ఎన్ని లీటర్లు పోసిరో, విద్యుత్తు బిల్లులో ఎన్ని యూనిట్లు కలవో మీ తలిదండ్రులనడిగి మూడు నెలలు వ్రాయుడు. తరువాత తగ్గింపదగిన దొక్కటి ఎంచుకొని మరి మూడు నెలలు చూడుడు. తగ్గినచో సంతోషింపుడు, తగ్గనిచో అంకెను దిద్దక ఉన్నదున్నట్లు వ్రాసి, కారణము వెదకుడు. నగరము చేయవలసినదియు ఇంతే.