పైరు ఫోటోలను సరిదిద్దు సాఫ్ట్‌వేరు – ఎన్నుకొనుట, నేర్చుకొనుట



పైరునకు తెగులు సోకినప్పుడు ఆకును కోసి, కాగితములో చుట్టి, బస్సులో పరిశోధనా స్థానమునకు తీసికొనిపోవుట మీలో పెద్దలకు అనుభవమే. ఆకు అచ్చటికి చేరునప్పటికి వాడిపోయి, మచ్చ రంగు మారి, చూచువారికి ఏమియు తెలియకుండెడిది. నేడు సెల్‌ఫోను చాలమంది చేతిలో ఉన్నది. గట్టున నిలిచి ఫోటో తీసి కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని, మండల వ్యవసాయాధికారికి గాని నిమిషములో పంపవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఒక మాట మరువరాదు. శాస్త్రజ్ఞుడు మీ పొలమును చూచుట లేదు, మీ ఫోటోను చూచుచున్నాడు. ఫోటోలో రంగు మారినచో సలహాయు మారును.

రంగు తప్పిన నష్టమేమి?

ఒక ఉదాహరణము చూడుడు. వరి నాటిన 2 నుండి 4 వారములలో జింకు లోపము కనబడును. ముదురాకులలో మధ్య ఈనెకు ఇరువైపుల తుప్పు రంగు మచ్చలు ఏర్పడును. గోధుమ రంగు మచ్చ తెగులులోను ఆకుపై గోధుమ రంగు మచ్చలే ఉండును. ఈ రెండింటికిని చికిత్స వేరు. మొదటి దానికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారి చేయవలెను. రెండవది శిలీంధ్రము వలన వచ్చునది. ఫోటోకు మెరుగు పెట్టవలెనని పచ్చదనమును ఎక్కువ చేసినచో మచ్చల తుప్పు రంగు మారిపోవును. శాస్త్రజ్ఞుడు పొరపడి తెగులు మందు చెప్పినచో మందు ఖర్చు దండుగ, కూలి దండుగ. జింకు అందక పైరు మరి పది దినములు కుంగును.

అట్లే ముదురాకులు పసుపు బారుట నత్రజని లోపమునకు, లేతాకులు పాలిపోవుట ఇనుము లోపమునకు గుర్తులు. ఎంత పసుపు, ఏ ఆకు పసుపు అనునదే ఇచ్చట ముఖ్యము. కనుక సాఫ్ట్‌వేరు ఫోటోను అందముగా చేయుటకు కాదు, కంటికి కనబడినట్లు చేయుటకు వాడవలెను.

ఏ సాఫ్ట్‌వేరును ఎన్నుకొనవలెను?

ఎద్దులను కొనునప్పుడు మన నేలయు, మన పనియు చూచుకొని కొందుము గదా! ఇదియు అంతే. ఏ పనికి కావలెను, ఏ యంత్రముపై వాడుదును, ఖర్చెంత, తెలియనిచో నేర్పువారు దగ్గరలో ఉన్నారా అను నాలుగు ప్రశ్నలను ముందుగా వేసికొనుడు.

1. ఫోనులోనే ఉన్న సాధనము: అనవసరమైన భాగమును కత్తిరించుట, త్రిప్పుట, వెలుగు సరిచేయుట దీనితో జరుగును. తెగులు ఫోటో పంపుటకు నూటికి తొంబది పాళ్లు ఇదియే చాలును. ఖర్చు లేదు.

2. స్నాప్‌సీడ్: ఇది గూగుల్ వారిది, ఫోనులో ఉచితముగా వాడుకొనవచ్చును. కత్తిరించుటతోపాటు రంగుల సమతూకమును సరిచేయు సాధనము ఇందు కలదు. ఫోనులోని సాధనము చాలనివారు దీనిని నేర్చుకొనుడు.

3. గింప్: ఇది కంప్యూటరుపై నడచును. 1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఇద్దరు దీనిని ప్రారంభించిరి. 1996 నుండి అందరికిని అందుబాటులో ఉన్నది. పూర్తిగా ఉచితము; విండోసుపైనను లినక్సుపైనను పనిచేయును. విత్తన సంచికి చీటీ, పండ్ల పెట్టెకు లేబులు, రైతు సంఘమునకు కరపత్రము తయారుచేయదలచినవారికి ఇది తగినది. నేర్చుకొనుటకు కొంత ఓపిక కావలెను.

4. ఫోటోషాప్: 1990లో వెలువడినది. వృత్తిగా ఈ పని చేయువారి సాధనము. 2013 తరువాత దీని కొత్త రకములు చందాపైననే లభించుచున్నవి. ఏటేటా చందా కట్టుచు రైతు దీనిని వాడవలసిన అవసరము సామాన్యముగా లేదు. ఉచితముగా ఇచ్చెదమని ఎవరైనను దొంగ ప్రతి ఇచ్చినచో తీసికొనకుడు. అట్టి వానితో కంప్యూటరునకు వైరస్ తగులు ప్రమాదము కలదు.

ముందు ఫోటో సరిగా తీయుడు

విత్తనము పుచ్చినదైన ఎరువు ఏమి చేయగలదు? మసకగా తీసిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరును బాగుచేయజాలదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీయక, ఉదయము గాని, మీ నీడ పడునట్లు నిలిచి గాని తీయుడు. ఆకు ప్రక్కన ఒక తెల్ల కాగితమును, కొలబద్దను ఉంచుడు. కొలబద్ద వలన మచ్చ గాని పురుగు గాని ఎంత పరిమాణమో తెలియును. తెల్ల కాగితము వలన రంగు తప్పినదో లేదో తెలియును. చేనంతటిదొకటి, మొక్కదొకటి, ఆకుదొకటి మూడు ఫోటోలు తీయుడు. కెమేరాలో అందము పెంచు ఏర్పాటులు ఉన్నచో వానిని ఆపివేయుడు.

నేర్చుకొను క్రమము

అన్ని సాధనములను ఒకేసారి పట్టుకొనుట వలన ఒకటియు రాదు. దినమునకు ఒకటి చొప్పున మీ చేని ఫోటోలపైననే అభ్యసించుడు.

మొదటి దినము: నకలు తీయుట. అసలు ఫోటోను ఎన్నడును ముట్టరాదు. నకలుపై పనిచేసి, వేరొక పేరుతో దాచవలెను. జేపెగ్ రకపు ఫోటోను మార్చి మరల మరల దాచినచో ప్రతిసారియు కొంత నాణ్యత తగ్గును.

రెండవ దినము: కత్తిరించుట. మచ్చయు, దాని చుట్టు మంచి ఆకును కొంతయు ఉండునట్లు కత్తిరించుడు. మచ్చ ఒక్కటే మిగిల్చినచో అది ఆకు కొనన ఉన్నదో, అంచున ఉన్నదో తెలియదు. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు సామాన్యముగా కొననుండి అంచుల వెంబడి అలలవలె దిగును. అగ్గి తెగులు మచ్చ నూలుకండె ఆకారములో ఉండి మధ్య బూడిద రంగు కలిగియుండును. గుర్తుపట్టుటకు ఆకారమును, స్థానమును రెండును కావలెను.

మూడవ దినము: వెలుగు. చీకటిగా వచ్చిన ఫోటోను కొద్దిగా వెలిగించుడు. తెల్ల కాగితముపై గీతలు మాయమగునంత వెలిగించినచో ఆకు వివరములును పోవును.

నాలుగవ దినము: రంగుల సమతూకము. తెల్ల కాగితము ఫోటోలో పసుపుగానో, నీలముగానో కనబడుచున్నచో రంగు తప్పినదని అర్థము. స్నాప్‌సీడులో వైట్ బ్యాలెన్స్ అను సాధనమును తీసికొని కాగితము తెల్లగా కనబడువరకు సరిచేయుడు. గింపులో రంగుల పట్టికలోని లెవెల్స్ అను సాధనమున బూడిద రంగు బిందువును ఎన్నుకొను గుర్తు ఉండును. దానితో కాగితముపై నొక్కినచో చాలును. పిదప ఫోటోను ఆకు ప్రక్కన పెట్టి పోల్చి చూడుడు. రెండును ఒక్కటిగా ఉన్నచో మీరు నేర్చుకొన్నట్లే.

ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. బటన్లు వారికి తెలియును, ఆకు మీకు తెలియును. ఇద్దరును కలిసిననే పని సరిగా జరుగును.

చేయరాని పనులు

రంగుల ఫిల్టర్లు వేయరాదు. మచ్చలు తుడిచివేయు సాధనమును తెగులు ఫోటోపై వాడరాదు. కృత్రిమ మేధతో ఫోటోను పదును చేయు సాధనములు ఇప్పుడు వచ్చినవి. అవి లేని వివరమును ఊహించి కల్పించగలవు. ముఖము ఫోటోకు అది వేడుక కావచ్చును, తెగులు ఫోటోకు అది అబద్ధపు సాక్ష్యము.

పంట నష్టమునకు ఆధారముగా చూపదలచిన ఫోటోను ఏ విధముగను సరిదిద్దక, తీసినది తీసినట్లు దాచియుంచుడు. తేదీ, స్థలము ఫోటో ఫైలులోనే నమోదై యుండవచ్చును. వాట్సాప్‌లో మామూలుగా పంపినచో ఫోటో కుదించుకొనిపోవును, ఆ నమోదును పోవును. డాక్యుమెంటుగా పంపినచో ఫైలు ఉన్నదున్నట్లు చేరును.

అమ్మకమునకు పెట్టు మామిడి, మిరప ఫోటోలకును ఇదే నియమము. కాయలను లేని ఎరుపుతో చూపినచో కొనుగోలుదారు వచ్చి సరుకు చూచి వెనుదిరుగును. లారీ కిరాయి మీపై పడును, మాటయు పోవును.

చివరగా ఒకటి. ఫోటో ఎంత బాగున్నను ఆకును తాకి చూడజాలదు. జింకు లోపించిన వరి ఆకు పెళుసుగా ఉండి, వంచినంతనే చిట్లును. ఇది మీ చేతికే తెలియును. కనుక ఫోటోతోపాటు రకము పేరు, నాటిన తేదీ, వేసిన ఎరువు, కొట్టిన మందు, చేతికి తెలిసిన గుర్తు నాలుగు పంక్తులలో వ్రాసి పంపుడు. సందేహమున్నచో 1800-180-1551 నంబరున కిసాన్ కాల్ సెంటరును ఉచితముగా అడుగవచ్చును.

ఈ సీజనులో మీ మొదటి ఫోటోను తెగులు వచ్చువరకు ఆగక, ఆరోగ్యముగా ఉన్న ఆకుతోనే ప్రారంభించుడు. మంచి ఆకు ఎట్లుండునో మీ ఫోనులో ఉన్నచో, చెడిన ఆకును గుర్తించుట సులభమగును.