జీడిపప్పంత ఎముక

చిరంజీవి అల్లుడికి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "మూడు వారాల్లో బైకు రేసు రౌండ్ ఉంది మామా. డాక్టరేమో పది వారాలంటున్నాడు. టీం వాళ్ళు టేపు గట్టిగా చుట్టి లాగించెయ్యమంటున్నారు. నువ్వేమంటావ్?" అన్నావు. వద్దురా అన్నాను. నువ్వు మాట్లాడలేదు. ఒట్టి 'వద్దు'తో ఆగే వయసు కాదు నీది, ఆ వయసులో నేనూ ఆగలేదు. అందుకే తెల్లారకుండానే షెడ్డు తీసి, బెంచీ మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

ఒక పని చెయ్యి. నీ ఎడమచేతి బొటనవేలు పైకెత్తి వెనక్కి లాగు. మణికట్టు దగ్గర రెండు నరాలు తాళ్ళలా లేచి, వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. కుడిచేతిలో నీకు విరిగిన స్కాఫాయిడ్ ఎముక ఉండేది సరిగ్గా ఆ గుంట అడుగునే. జీడిపప్పు ఆకారం, ఇంచుమించు అంతే ఉంటుంది. దానికి రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. ఆ ఎముక నడుములో విరిగిందంటే ముంజేతి వైపు ముక్కకి రక్తం అందడం కష్టం, కాలువ చివరి మడికి నీళ్ళు చేరనట్టు. డాక్టరు పది వారాలన్నది నిన్ను భయపెట్టడానికి కాదు. ఆ ఎముక అతుక్కోవడానికి అంత కాలం పడుతుంది మరి.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. 1994లో కోయంబత్తూరులో టేబుల్‌టాప్ జంప్ మీద తక్కువపడి, ముందు చక్రం అంచుకి తగిలి, కుడిచెయ్యి ఆనించి పడ్డాను. అప్పట్లో మాకు ఇప్పుడు నీకున్నట్టు రేసు కోసమే పుట్టిన 250 బండి ఎక్కడిది? లైట్లు, మడ్‌గార్డులు పీకేసి, సైలెన్సర్ మార్చిన ఆర్‌ఎక్స్ 100. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, బెణుకన్నారు. ఈ ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదనీ, నొప్పి ఆ గుంటలో ఉంటే పది పదిహేను రోజులాగి మళ్ళీ తీయించాలనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పద్దెనిమిదో రోజున స్టార్టు గేటు దగ్గర నిలబడ్డాను. మూడో స్థానం వచ్చింది. మీ ఇంట్లో టీవీ పక్కన ఇత్తడి కప్పు ఉంటుంది చూడు, అదే అది. మీ అమ్మ దాన్ని దసరాకి చింతపండుతో తోమినప్పుడల్లా నాకు మణికట్టు సలుపుతుంది.

ఆ ఎముక మళ్ళీ అతుక్కోలేదు. తరవాతి సీజన్‌కి నాలుగో ల్యాప్ వచ్చేసరికి పట్టు పోయేది. జంప్ దిగేటప్పుడు మణికట్టు వెనక్కి వాలి, నాకు తెలియకుండానే థ్రాటిల్ తెరుచుకునేది. అలా రెండుసార్లు మనుషుల మీదకే వెళ్ళబోయాను. ఇరవయ్యారేళ్ళకి రేసు మానేశాను. ఈనాటికీ ఆవకాయ జాడీ మూత మీ అత్తయ్యే తీసిపెట్టాలి. ఒక్క మూడో స్థానం కోసం, అల్లుడూ, పదేళ్ళు ఇచ్చేశాను.

"హెర్లింగ్స్ కాలర్‌బోన్ విరిగినా ఒక్క రౌండే వదిలేశాడు కదా" అంటావు. నిజమే. 2018లో ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి ఎంఎక్స్‌జీపీ మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు. కాలర్‌బోన్‌కి ప్లేటు వేసి స్క్రూలు బిగిస్తే అది త్వరగా భారం మోస్తుంది. నీ ఎముక సంగతి వేరు. ఏ ఎముకకైనా ఒకటే లెక్క అనుకోవడం దగ్గరే మనవాళ్ళు చాలామంది పాడైపోయారు. అదే హెర్లింగ్స్ 2014 కథ కూడా తెలుసుకో. ఎంఎక్స్2 తరగతిలో భారీ ఆధిక్యంలో ఉన్నాడు, టైటిల్ చేతిలో ఉన్నట్టే. సీజన్ మధ్యలో ఛారిటీ కోసం పెట్టిన ఓ రైడ్‌లో పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. పాయింట్లు ఇచ్చే రేసు కూడా కాదది! రౌండ్లు ఒకటొకటిగా పోయాయి. చివరికి మెక్సికోలో ఆఖరి రౌండ్‌కి, ఎముక సరిగా అతకని కాలుతోనే వచ్చి బండెక్కాడు. నాలుగు పాయింట్ల తేడాతో టైటిల్ పోయింది. మన పాయింట్ల లెక్క నీకు కొత్త కాదు: మొదటివాడికి 25, రెండోవాడికి 22, మూడోవాడికి 20. నాలుగు పాయింట్లంటే ఒక్క మోటోలో, అంటే రౌండ్‌లోని ఒక్క రేసులో, ఇంచుమించు రెండు స్థానాలు.

ఆ టైటిల్ దక్కినవాడు జోర్డి టిక్సియే. 2024లో మన దేశంలో సూపర్‌క్రాస్ లీగ్ మొదలైనప్పుడు వచ్చి దిగిన ఫ్రెంచి కుర్రాడు, నువ్వు పుణెలో రెయిలింగు పట్టుకుని కళ్ళార్పకుండా చూసినవాడు. హెర్లింగ్స్ లేని రౌండ్లలో అతను గాల్లో తేలిపోయే విన్యాసాలేం చెయ్యలేదు. పడకుండా, ఆగకుండా పాయింట్లు పోగేసుకున్నాడు. ఆ టైటిల్‌ని అదృష్టం అన్నవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ముందున్నవాడు పడిన రోజున మనం నిలబడి ఉండటం కూడా పనే. ఆ పని చెయ్యాలంటే ఒళ్ళు మిగిలి ఉండాలి.

ఎవరి తప్పూ లేకుండా పోయే టైటిళ్ళూ ఉంటాయి. 2023 అమెరికా సూపర్‌క్రాస్‌లో ఈలై టోమాక్ డెన్వర్‌కి వచ్చేసరికి 18 పాయింట్లు ముందున్నాడు, ఆ తరవాత మిగిలింది ఇంకొక్క రౌండ్. సొంత రాష్ట్రం కొలరాడో, స్టేడియం నిండా సొంత జనం. రేసులో ముందే వెళ్తున్నాడు. ఎవడూ తగల్లేదు, కింద కూడా పడలేదు. ఒక జంప్ దిగడంలో మడమ వెనక నరం తెగిపోయింది. అంతే, ట్రాక్ పక్కకి తప్పుకుని ఆపేశాడు. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను, మళ్ళీ చూడలేకపోయాను. మరుసటి ఏడు అతను మళ్ళీ గేటు దగ్గర ఉన్నాడు. విల్లోపోటో అలా కాదు. వరసగా నాలుగేళ్ళు అమెరికా సూపర్‌క్రాస్ టైటిల్ కొట్టి, 2015లో యూరప్‌కి వెళ్ళి, అక్కడ పడి వెన్ను చివరి ఎముక దెబ్బ తిని, 26 ఏళ్ళకే చాలనేశాడు. ఆ మాట అనడానికీ గుండె కావాలి.

మనవాళ్ళనే తీసుకో. సీ.ఎస్. సంతోష్ మోటోక్రాస్ నుంచి వెళ్ళి 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు, 36వ స్థానం. 2021లో అదే ర్యాలీలో సౌదీ ఎడారిలో పడి కోమాలో ఉన్నాడు. ఆ వారం రోజులూ నేను షెడ్డులో ఏ పనీ సరిగా చెయ్యలేకపోయాను, స్పానరు చేతిలో పట్టుకుని ఫోను చూస్తూ ఉండేవాణ్ణి. కోలుకున్నాడు, మళ్ళీ మట్టి దగ్గరికే వచ్చాడు. నువ్వు ప్రాక్టీసు చేసే ఆ కోలార్ డర్ట్ పార్కు అతను పెట్టిందే. హరిత్ నోవా 2024 డకార్‌లో ర్యాలీ2 తరగతి గెలిచి మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు. ఆ తరవాతి ఏడు ఆరంభపు ప్రోలోగ్‌లోనే పడి ఇంటిదారి పట్టాడు. ఏడాది తిరిగేసరికి అంత తేడా. నీ సంగతీ అంతే. నువ్వు గెలిచిన నెలలో నీకు ఫోన్ చేసినవాళ్ళలో ఎంతమంది ఈ వారం చేశారో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. లెక్కపెట్టుకోకు, నెమ్మది మీద అలవాటవుతుంది.

డబ్బు సంగతి సూటిగా రాస్తాను. 2025 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో మట్టి పోసి ట్రాక్ కట్టి, అంత జనం మధ్య లీగ్ జరుగుతుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మా రోజుల్లో మేం ఊహించనైనా లేదు. కానీ ఆ లైట్ల కింద నిలబడ్డప్పుడు కూడా నీ కాంట్రాక్టు ఒక్క సీజన్‌దే అని గుర్తుంచుకో. ఈ పది వారాల్లో దాన్ని ముందుపెట్టుకుని అక్షరం అక్షరం చదువు. ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ప్రాక్టీసులో పడితేనో? రౌండ్ తప్పితే జీతం కోస్తారా? అర్థం కానిచోట పెన్సిలుతో గీత పెట్టు, నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు, ఇద్దరం వెళ్దాం. టేపు చుట్టుకుని లాగించెయ్యమన్న మాట నోటితోనే అన్నారా, రాసి ఇస్తారా అని కూడా అడుగు. డాక్టరు కాగితం మెయిల్‌లో పెట్టి, "అతుక్కున్నట్టు స్కాన్‌లో తేలాక వస్తాను" అని మర్యాదగా ఒక్క లైను రాయి. సీటు పోతుందేమోనన్న భయం నాకూ అర్థమవుతుంది. పోవచ్చు కూడా. పోదని నీకు అబద్ధం చెప్పను. ఇరవయ్యొక్క ఏళ్ళ రైడరుకి చెయ్యి సరిగా ఉంటే ఇంకో సీటు దొరుకుతుంది. చెయ్యి పోతే ఏ సీటూ దొరకదు.

ఇంకోటి. పడినప్పుడు తలకి ఏమైనా తగిలిందా అని అడిగితే మాట మార్చావు. పడిన క్షణం నీకు గుర్తుందా, లేదా? గుర్తు లేకపోతే అది డాక్టరుకి ఇవాళే చెప్పు. విరిగిన ఎముక కట్టులో కనబడుతుంది, తలలో దెబ్బ కనబడదు. మీ అమ్మకి చెప్పడం ఇష్టం లేకపోతే నాకు చెప్పు, డాక్టరు దగ్గరికి నేనొస్తాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను నీ మాట వినను.

ఖాళీగా ఎలా కూర్చోవాలి అన్నావు. ఖాళీ ఎక్కడిది? కాళ్ళు బాగానే ఉన్నాయి, డాక్టరు ఒప్పుకుంటే రోజూ కూర్చుని తొక్కే సైకిలు ఎక్కు. నీ రేసుల వీడియోలన్నీ ముందుపెట్టుకుని స్టార్టులు మాత్రమే చూడు. గేటు పడ్డప్పుడు నీ నడుం వెనక్కి జారుతోంది, నాకు ఫోన్లోనే కనబడుతోంది.

నీ బండి ఫ్రంట్ ఫోర్క్ విప్పి బెంచీ మీద పెట్టాను. ఎడమ సీల్ నుంచి ఆయిలు కారుతోంది, చూడలేదా నువ్వు? నువ్వు పడిన ఆ జంప్ దిగడంలో ముందు చక్రం తన్నడానికి అదీ ఒక కారణమే కావచ్చు. నేను బిగించెయ్యకుండా ఆపాను. లోపల షిమ్‌లు అనే పల్చటి బిళ్ళలు ఏ వరసలో ఉన్నాయో, ఒకటి మారిస్తే బండి ఎలా దిగుతుందో నీకు తెలియాలి, ఎప్పుడూ మెకానిక్ మొహం చూడకుండా. శనివారం రాత్రి బస్సెక్కి వచ్చెయ్. టార్చిలైటు ఎడమచేత్తో పట్టుకుంటే చాలు, మిగతాది నేను చేస్తూ చెప్తాను. అత్తయ్య గోంగూర మటన్ చేస్తానంది.

స్కాన్ కాగితాలు మర్చిపోకుండా తీసుకురా.

ప్రేమతో,
మీ మామయ్య