ముద్గల్ పిల్ల వద్దన్న నగ

చిరంజీవి చిన్నమ్మాయికి,

యరగేర నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ పెద్దనాయన రెండుసార్లు చదివాడు. ఆ అబ్బాయి పరిచయమైనప్పటి నుంచి నువ్వు నువ్వులా లేవని రాశావు. ఇంట్లోవాళ్ళూ గమనించారు. ఉగాదికి వచ్చినప్పుడు తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలో ముగించావు. ఎన్నడూ ముట్టని బసవన్న వచనాల పుస్తకం నీ సంచిలో కనబడింది. పెద్దనాయన సంతోషించాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మన వైపు పిల్లలకు కొత్త కాదు. కానీ బడి నేర్పింది వేరు, మనసుపడి నేర్చుకున్నది వేరు.

1995లో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం కలిసి అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీ పిల్లల చేత పది వారాల్లో ఐదుసార్లు ‘ఈరోజు నువ్వెవరు?’ అన్న ప్రశ్నకు జవాబు రాయించారు. ఆ మధ్యలో ప్రేమలో పడ్డవాళ్ళ జవాబుల్లో తమను గురించి కొత్త కొత్త మాటలు చేరాయి. తమ మీద తమకు నమ్మకమూ పెరిగింది. నీకు జరుగుతున్నదీ అలాంటిదే, భయపడకు.

అయితే చేరేవాటితో పాటు పోయేవాటినీ చూసుకోవాలి. ముద్గల్ మన రాయచూరు జిల్లాలోదే కదా. అక్కడి కంసాలి ఇంటి పిల్ల పెర్తాల్ గురించి చరిత్రకారుడు ఫెరిష్తా తన గ్రంథంలో రాశాడు. 1406 నాటి మాట. ఆమె అందం, పాట గురించి ఒక బ్రాహ్మణుడు చెప్పగా విని, చూడకుండానే విజయనగర రాజు మొదటి దేవరాయలు మనసుపడ్డాడు. నగలు పంపాడు. అమ్మానాన్నలు పొంగిపోయారు. బ్రాహ్మణుడు మెడలో హారం వేయబోతే పిల్ల వెనక్కి జరిగింది. అంతఃపురంలో అడుగుపెడితే మళ్ళీ అమ్మానాన్నల ముఖం చూసే వీలుండదని ఆమె బాధ. రాజు సైన్యాన్ని పంపాడు. ఆ ఇంటివాళ్ళు పారిపోయారు, ఊళ్ళు దోపిడీకి గురయ్యాయి, బహమనీ సుల్తాను ఫిరోజ్ షాతో యుద్ధం వచ్చింది. చివరికి సుల్తాను కొడుకు హసన్ ఖాన్‌తో ఆమె పెళ్ళయింది. రెండు వందల ఏళ్ళ తర్వాత రాసిన కథ గనుక ప్రతి మాటా నమ్మనక్కర్లేదు. పెద్దనాయనకు మాత్రం ఆ యుద్ధం కన్నా వెనక్కి జరిగిన ఆ మెడే గుర్తుంటుంది.

నీ మెసేజ్‌లో ఒక మాట గుచ్చుకుంది. ఆ అబ్బాయికి నచ్చదని హాస్టల్ స్నేహితురాలితో మాట్లాడడం తగ్గించావట. జొన్నరొట్టె తడుతూ పాడే పిల్లవి, ఉగాదికి నోరు విప్పలేదు. గొంతు బాగోదన్నాడని అమ్మతో అన్నావట.

అతన్ని సూటిగా అడుగు. కోపమొస్తే రానీ, ఎంతసేపు ఉంటుందో చూడు. నీ వల్ల తనలో కొత్తగా చేరిందేమిటో కూడా అడుగు. నువ్వు అంత కన్నడం నేర్చావు, అతను నాలుగు తెలుగు ముక్కలైనా నేర్చాడా?

ఈ రాత్రే ఒక కాగితం మీద తేదీ వేసి, ‘ఈరోజు నేనెవరు?’ అని తోచినదంతా రాసి దాచు. దసరాకు ఇంకొకటి రాసి పక్కన పెట్టుకో. పెద్దనాయన అడగడు, చదవడు. వీలైతే పండక్కి అతన్నీ వెంటబెట్టుకుని రా. రాయచూరు బస్టాండులో బస్సెక్కాక ఫోన్ చెయ్యి, పెద్దమ్మ పొయ్యి మీద పుండికూర పెడుతుంది.