వెనక్కి తిరగగలిగితేనే విహారం

రాయచూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. మధ్యధరా తీరంలో పొద్దున పడవెక్కి, ఏదో ఒక కొండ నీడన లంగరు వేసుకుని, తిని, కాసేపు కునుకు తీసి, పొద్దుగూకే వేళకు రేవు చేరే రోజు ఒకటి కావాలని నువ్వూ నీ స్నేహితులూ ఏడాదిగా అనుకుంటున్నారనీ, వీసాలూ సెలవులూ డబ్బూ కుదరక ఆగిపోయారనీ రాశావు. అలాంటి రోజు మన రాయచూరు వైపు దొరుకుతుందా అని అడిగావు. దొరుకుతుంది తల్లీ. కృష్ణమ్మ మీద, పుట్టిలో, కురువపురం దాకా. కానీ దారి చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నీళ్ల మీద గడిపే రోజు హాయిగా సాగాలంటే రేవులో నిలబడి ‘ఇవాళ వద్దులే’ అనగలిగే వీలు ముందే ఉంచుకోవాలి. మానుకోగలిగిన ప్రయాణమే విహారం. ఆ మాట ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు కోరుకున్న చోటు సంగతే చూద్దాం. ఫ్రాన్సులో మార్సెయ్ పక్కన కాసీ అని చిన్న రేవు ఉంది. అక్కడి నుంచి పడవలు తెల్లటి సున్నపురాతి కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సన్నని సముద్రపు పాయల్లోకి వెళ్తాయి. వాటిని కలాంక్‌లు అంటారు. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా తక్కువ కాబట్టి ఆ నీళ్లు ఎప్పుడూ నిలకడగానే ఉంటాయని ఫొటోలు చూసినవాళ్లకు అనిపిస్తుంది. కానీ రోన్ నది లోయ వెంబడి ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే ఈదురుగాలి వచ్చి పడుతుంది. అది గట్టిగా వీచే రోజున విహారపు పడవలు కదలవు. ఎంత దూరం నుంచి వచ్చినవాళ్లయినా ఒడ్డున ఆగిపోవలసిందే. ఇంకొకటి చూడు. ఆ పాయల్లో సుగితోన్ అనే చోటికి జనం ఎక్కువై, తొక్కిడికి నేల కోసుకుపోతుంటే, 2022 నుంచి వేసవి రద్దీ రోజుల్లో రోజుకు 400 మందినే, అదీ ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లనే రానిస్తున్నారు. మనం చూసి ముచ్చటపడే ఆ ప్రశాంతతను గాలి చూసి ‘కాదు’ అనే పడవవాళ్లూ, జనాన్ని చూసి ‘చాలు’ అనే అధికారులూ కలిసి కాపాడుతున్నారు. ఆ పద్ధతిని మనం విమానం టికెట్టు లేకుండానే తెచ్చుకోవచ్చు.

ఇక మన చోటు. రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. భీమా నది వచ్చి కలిశాక కృష్ణ బాగా వెడల్పై, బండల మధ్య పాయలుగా చీలి, నడుమ గడ్డలు వదిలి పారుతుంది. అలాంటి గడ్డల్లో ఒకటి కురువపురం. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటు ఇదేనని దత్త భక్తుల నమ్మకం. ఆయన మహిమలు చెప్పే గురుచరిత్ర మరాఠీ గ్రంథం కాబట్టి మహారాష్ట్ర నుంచి భక్తులు బాగా వస్తారు. తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ గుడి ఆవరణలో కలిసి వినిపిస్తాయి. వాసుదేవానంద సరస్వతి స్వామి తపస్సు చేసిన గుహ, కొమ్మలు చాచిన పెద్ద మర్రిచెట్టు అక్కడ ఉన్నాయి. రాయచూరు నుంచి వెళ్లేవాళ్లకు ఆత్కూరు రేవు, మక్తల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు పంచదేవ్‌పహాడ్ రేవు. నీళ్ల మీద గడిచే సమయం కొద్దిసేపే. అయినా రోజంతా దానికే ఇవ్వమంటాను. పొద్దున్నే దాటి, ఎండ ఎక్కేలోగా గడ్డ మీద నాలుగడుగులు తిరిగి, మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని, చీకటి పడకముందే తిరిగి వచ్చే రోజులో తొందర అన్న మాటకు చోటుండదు.

పుట్టిని దగ్గరగా చూడు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పూర్వం తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. కన్నడంలో దీన్నే హరిగోలు అంటారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వీటి గురించి రాసిపెట్టాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, పదిహేను ఇరవై మంది పడతారని, అవసరమైతే గుర్రాలనూ ఎడ్లనూ దాటిస్తారని, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయని చెప్పాడు. అడుగు చదునుగా ఉండబట్టే పుట్టి లోతులేని నీళ్లలోనూ బండల మీదుగా జారిపోతుంది. అందుకే ప్రవాహం ఎటు నెడితే అటు పోతుంది కూడా. పారే నీరుంటే పుట్టివాడు ఎదురుగా కనిపించే రేవుకు గురిపెట్టడు. ముందు ఒడ్డు వెంబడి పుట్టిని ఎగువకు తీసుకుపోయి, అక్కడ నీళ్లలోకి దించి, దాటేలోగా ప్రవాహం ఎంత దూరం కిందికి లాక్కుపోతుందో మనసులో లెక్కకట్టుకుని, తెడ్డుతో నీటిని తనవైపు లాక్కుంటూ వెళ్తాడు. అవతల చేరేసరికి రేవు ఎదురుగా ఉంటుంది. ఎగువకు ఎంత నడవాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ పూట నీటి వాలు చూసి అతను కట్టే లెక్క అది. ఆ లెక్క కుదరదని అతను అన్నాడంటే, ఇంకో వంద ఎక్కువిస్తామని బేరమాడే హక్కు మనకు లేదు.

ఆ లెక్క ఎప్పుడు తప్పుతుందో కూడా తెలుసుకో. రాయచూరులో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్ల వాన. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో 5000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఎగువన ఆలమట్టి, నారాయణపురం జలాశయాలు నిండితే గేట్లు ఎత్తుతారు. అంటే మన ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా ఏటికి వరద రావచ్చు. ఒక్కోసారి వాన ఇక్కడే కుమ్మరిస్తుంది; 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం నీట మునిగింది అలాగే. అందుకని జులై నుంచి అక్టోబరు దాకా ఈ ఆలోచనే పెట్టుకోకు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది నిదానంగా ఉంటుంది, ఎండా తట్టుకోగలం. మార్చి దాటితే రాయచూరు ఎండ సంగతి నీకు చెప్పనక్కరలేదు.

నీ స్నేహితుల్లో ఎవరైనా అనవచ్చు, ఈ వెదురు బుట్టను నమ్ముకునే బదులు ఇంజను ఉన్న పెద్ద పడవ ఉన్నచోటికి పోవచ్చు కదా అని. దానికి జవాబు గోదావరి, కృష్ణా రెండూ చెప్పాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పెద్ద పర్యాటక పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 70 మందికి పైగా ఉంటే 26 మందే బతికి బయటపడ్డారు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. అది అనుమతి లేని పడవ, జనం కిక్కిరిసి ఉన్నారు. మొదటిచోట నది బయల్దేరవద్దంది, రెండోచోట పడవ ఇంతమంది వద్దంది. రెండుచోట్లా వినేవాళ్లు లేకపోయారు. పుట్టి అంతకంటే క్షేమమని నేను అనను. ఏ పడవకైనా రక్ష ఒక్కటే, వద్దన్నప్పుడు దిగిపోవడం.

దీనికి ఎదురుగా ఇంకో మాట వస్తుంది. ఆ గడ్డల మీది జనం వానాకాలంలోనూ దాటుతున్నారు, లైఫ్ జాకెట్లు లేకుండా దాటుతున్నారు, మనకెందుకింత భయం అని. ఈ మాట మీద కాస్త ఆగి ఆలోచించు. వాళ్లు ఆసుపత్రికి, బడికి, సంతకు దాటుతారు. 2020 ఆగస్టులో సరుకులకని అవతలి ఒడ్డుకు వెళ్లిన, అలాంటి ఒక గడ్డ మీది కురువ గ్రామస్థుల పుట్టి వరదలో తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. ఏళ్ల తరబడి వంతెన అడుగుతూ వచ్చిన జనం వాళ్లు. వాళ్లకు వెనక్కి తిరిగే వీలు లేదు, నీకు ఉంది. గత్యంతరం లేనివాళ్ల సాహసాన్ని చూపించి సరదాకు వచ్చినవాళ్లు తెగించడం న్యాయం కాదు. పైగా నువ్వు ఒత్తిడి చేస్తే నీ ప్రాణంతోబాటు పుట్టివాడి ప్రాణమూ పణంగా పెట్టినట్టే. కాబట్టి జాకెట్లు రేవులో ఉంటాయో ఉండవో అనుకోకుండా మనిషికొకటి వెంట తీసుకెళ్లండి. పుట్టిలో అంచు చుట్టూ సమంగా సర్దుకుని కూర్చోండి, ఫొటో కోసం ఎవరూ లేవవద్దు. ఈత జోలికి పోవద్దు. ఈ భాగంలో కృష్ణలో మొసళ్లున్నాయి.

పుణ్యక్షేత్రానికి విహారంగా వెళ్లడం తప్పేమోనని నువ్వే సందేహపడ్డావు. నా ఉద్దేశంలో తప్పు లేదు. ఏటి ఒడ్డున మూట విప్పుకుని, తిని, నడుం వాల్చి, మాట్లాడుకుని రావడం మన తీర్థయాత్రల్లో ఎప్పుడూ ఉన్నదే. భక్తి లేనివాళ్లు అక్కడికి రాకూడదని ఎవరూ అనరు. అయితే నీ హాయి పక్కవాడి ధ్యానాన్ని చెడగొట్టకూడదు. స్పీకరు పెట్టి పాటలు, మందు, మాంసం వద్దు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పెరుగు కట్టుకెళ్లండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా సంచిలో తిరిగి తెచ్చుకోండి. గురువారాలు, దత్త జయంతి రోజులు భక్తులవి. మీరు మామూలు పనిదినం చూసుకుంటే వాళ్లకూ ఇబ్బంది ఉండదు, మీకూ రద్దీ తప్పుతుంది.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. దొరక్క దొరక్క దొరికిన సెలవు, రేవు దాకా వచ్చి తిరిగిపోతే రోజు వృథా కాదా? ఈ ఆలోచనే మనుషులను నిండిన పడవల్లోకి ఎక్కిస్తుంది. దాన్ని గెలవాలంటే ధైర్యవచనాలు చాలవు, రెండో దారి సిద్ధంగా ఉండాలి. పుట్టి కదలకపోతే రాయచూరు కోటకు రండి. కాకతీయుల కాలపు ఆ కోటగోడలో 1294 నాటి శాసనం చెక్కిన ఒకే రాయి ఉంది, పొడవు 40 అడుగులకు పైనే. అంత రాయిని పశువులు కట్టిన బండి మీద ఎలా లాక్కొచ్చారో ఆ గోడ మీదే బొమ్మగా చెక్కిపెట్టారు. ఒక పూట దాని ముందు గడిపితే రోజు వృథా అయిందని ఎవరూ అనరు. కోట, మంత్రాలయం, కురువపురం అన్నీ ఒకే రోజులో ముగించుకొద్దామని మాత్రం అనుకోకు. మూడు చోట్ల పేర్లు రాసుకున్నవాళ్లకు పుట్టివాడు ఆగమంటే కోపం వస్తుంది. ఒక్క చోటే పెట్టుకున్నవాళ్లు నింపాదిగా ఆగగలరు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. డిసెంబరులో ఒక పనిదినం ఎంచుకో. ఒక పుట్టిలో సుఖంగా పట్టేంతమందే బయల్దేరండి. ఎక్కువైతే రెండో పుట్టి మాట్లాడుకోండి, ఇరుక్కోవద్దు. ముందురోజు రేవుకు కబురు చేసి నీటి సంగతి కనుక్కో. మరీ ముఖ్యంగా, బయల్దేరకముందే మీలో ఎవరైనా ఒక్కరు వద్దంటే అందరూ ఆగిపోవాలని ఒప్పందం చేసుకోండి. వద్దన్నవాళ్లను పిరికివాళ్లనకూడదు, కారణం గుచ్చిగుచ్చి అడగకూడదు. ఈ ఒప్పందానికి మీరంతా సరేనంటే తేదీ రాయి, ఆత్కూరులో పుట్టి నేను మాట్లాడిపెడతాను. ఒప్పుకోని స్నేహితులుంటే వాళ్లతో ఇంకెక్కడికైనా వెళ్లు, నీళ్ల మీదికి మాత్రం వద్దు.

అమ్మకూ నాన్నకూ నేను అడిగానని చెప్పు.

ఇట్లు
మామయ్య