కట్టె లేని మేడ: చంద్రగిరి రాజమహల్

మార్కాపురంలో విజయనగర కాలపు గుర్తు ఏదని అడిగితే చెన్నకేశవస్వామి గుడి చూపిస్తాం. కంభం వాళ్ళయితే రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి కట్ట వేసి నిలబెట్టిన చెరువు చూపిస్తారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. మరి ఆ కాలపు మనుషులు కాపురమున్న ఇల్లు ఏదంటే? మన దగ్గర చటుక్కున ఎవరికీ ఏ పేరూ గుర్తు రాదు.

కారణం ఉంది. గుడికి భక్తులు ఉంటారు, చెరువుకి ఆయకట్టు రైతులు ఉంటారు. ఇంటికి ఆ ఇంటివాళ్ళే దిక్కు. వాళ్ళు వెళ్ళిపోతే ముందు కప్పు పోతుంది, తర్వాత రాళ్ళు పోతాయి.

రాజుల ఇళ్ళకీ ఇదే గతి. హంపీలో రాజసభ జరిగిన వంద స్తంభాల మండపానికి ఇప్పుడు రాతి అరుగు, కొయ్య స్తంభాలు నిలిపిన గుర్తులు మాత్రమే మిగిలాయి. పైదంతా కట్టెపని. 1565 యుద్ధం తర్వాత నగరం నాశనమైంది. అదే హంపీలో కమానులతో కట్టిన లోటస్ మహల్ మాత్రం నిలబడే ఉంది.

ఆ ఓటమి తర్వాత అరవీటి రాజులు పెనుకొండకి, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధాని మార్చారు. తిరుపతి పక్కనున్న ఈ ఊరు వాళ్ళకి కొత్త కాదు. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు ఏలింది ఇక్కడి నుంచే. కోటలో ఇప్పుడు మనం చూసే రాజమహల్ మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టడంలో కలప వాడలేదు. ముందువైపు వరుసగా కమానులు, పైన గుడి శిఖరాల్లాంటి బురుజులు.

కలప లేకుండా మూడంతస్తులు ఎలా లేచాయి? సివిల్ వాళ్ళకి ఇది తెలిసిన పాఠమే. దూలం మీద బరువు పడితే కింది అంచు సాగుతుంది. రాయి, ఇటుక నొక్కుడికి ఆగుతాయి గానీ సాగుడికి ఆగవు. కమాను వేస్తే బరువంతా నొక్కుడుగా మారి పక్కలకి దిగుతుంది. అది పక్కలకి తోసే తోపుడిని ఆపడానికే అంత లావు స్తంభాలు, గోడలు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా మళ్ళీ సున్నపురాయి అవుతుంది. అందుకే పాత గోడకి సిమెంటు పూత వేయకూడదంటారు. తేమ బయటికి రాలేక లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది.

అయితే కట్టడం గట్టిదైతే చాలదు, కాపలా కావాలి. రాజమహల్ ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, లోపల మ్యూజియం నడుస్తోంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో రాతిగోడల మీద దూలాలు, దంతెలు పరిచి, పైన చౌడుమట్టి తొక్కిన మిద్దెలు ఉన్నాయి. ఇవి రాజమహల్ లాంటివి కావు, కట్టెపనే వీటి ప్రాణం. అంటే హంపీ మండపానికి పట్టిన గతే వీటికీ పట్టొచ్చు. ఏ చట్టమూ వీటి దాకా రాదు. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు చేరాక తలుపులు, దూలాలు పాత కలపగా అమ్ముడుపోతాయి. కప్పు తీసేశాక మట్టిగోడా, రాతిగోడా ఎన్నాళ్ళు నిలుస్తాయి?

అన్నిటినీ కాపాడలేం. కానీ కొలవగలం. ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఒక టేపు, ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. మీ వీధిలో అన్నిటికన్నా పాత మిద్దె ప్లాను గీయండి. గోడ మందం, దూలం పొడవు, దంతెల మధ్య దూరం రాయండి. ఏ భాగాన్ని ఏమంటారో అవ్వనీ తాతనీ అడిగి, వాళ్ళ మాటల్లోనే పక్కన రాయండి. ఇల్లు పోయినా అది ఎలా నిలబడిందో ఆ కాగితం చెబుతుంది.